దుబాసి లెక్క

పత్తి గింజలు వేయించిన వాసన
వేరుశెనగలా మొదలై
కాలిన గుడ్డలా ముగుస్తుంది.
ఆ ఏడు వానలకు ముందు
లూరియో నది ఇవతలి గట్టున
ప్రతి గుడిసె వెనకా అదే వాసన.
మా ఇంటి వెనక కూడా.
అమ్మ కుండ మీద మూత పెట్టి
"నీకు జలుబు చేసింది కదూ" అంది.
చేసిందన్నాను.

గింజలు కంపెనీ బస్తాల్లో వచ్చేవి.
మనిషికిన్ని దోసిళ్ళు, ఇంత చెలక.
జొన్న పండే నేలలోనే వేయాలి,
కర్రపెండలం పీకేసి మరీ వేయాలి.
పత్తి ఉడకదు. పిల్లలు దాన్ని తినరు.
ఈ మాట ఎవరూ పైకి అనలేదు,
అంటే పోర్చుగీసులోకి మార్చాల్సింది నేను.

నేను దుబాసిని.
మిషన్ బడిలో నాలుగేళ్ళు,
మూడే గుండీలున్న ఖాకీ చొక్కా,
నెలకు కొన్ని నాణేలు, సంచెడు ఉప్పు.
మకువా మాటలు చెవిలో పోసుకుని
పోర్చుగీసు నోట్లోంచి తీసేవాణ్ణి.
మధ్యలో నేనొకణ్ణి ఉన్నానని
ఎవరికీ గుర్తుండేది కాదు. నాక్కూడా.

మొలకల తనిఖీకి సెన్యోర్ తవారెష్ వచ్చాడు.
చెడ్డవాడేం కాదు,
పిల్లల పుసికళ్ళలో తనే మందు వేసేవాడు.
ముఆనాషా చెలకలో మోకాళ్ళ మీద కూర్చుని
వేలితో తవ్వి, ఒక గింజ తీసి
గోటితో చీల్చాడు.
లోపల గోధుమరంగు.
"ఏమిటిది? అడుగు."

అడిగాను.
ముఆనాషా ముఖాన తెల్లటి ముసీరో పూత
నవ్వుకి పగుళ్ళిచ్చింది.
"వేయించాం" అంది.
"ఉప్పు కూడా చల్లేవాళ్ళమే,
ఊళ్ళో ఉప్పంతా నీ జీతానికే పోయె."
వెనకాల ఆడవాళ్ళు
కాపులానా అంచులు నోట్లో కుక్కుకున్నారు.

"ఏమంటోంది?"

ఒక పిట్ట కూసేంతసేపు ఆగాను.
"నేల ముసలిదైపోయిందంటోంది, సెన్యోర్,
తనలాగే.
ఏది వేసినా లోపలే కాల్చేస్తోందట."

ఆయన రాసుకున్నాడు:
ఈ నేల పత్తికి పనికిరాదు.
తేదీ వేసి, తడి సిరా మీద ఊదాడు.

కథ ఇక్కడ ఆగితే
నేను ఎంత బాగుండేవాణ్ణి.

నేల తప్పు నేలదే,
బద్ధకం తప్పు మాత్రం మనిషిదట.
అరచేతులకు పన్నెండు.
గుండ్రటి చెక్క, దానికి అయిదు రంధ్రాలు,
దెబ్బ పడ్డప్పుడు చర్మం
ఆ రంధ్రాల్లోకి లేచి వస్తుంది.
కొట్టేది సిపాయి సిల్వెష్త్రు, నా ఈడువాడు.
లెక్కపెట్టేది నేను.
దొర వరండాలో కాఫీ కలుపుకుంటూ వింటాడు.
చూడడు.

ఊం. దోయిష్. త్రేష్.
ఆమె నన్నే చూస్తోంది.
క్వాత్రు. సీంకు. సైష్. సెత్.
తర్వాత నా నోట్లోంచి
దేష్ వచ్చింది.
పది.
చెక్క గాల్లో ఆగిపోయింది.
ఎనిమిదీ తొమ్మిదీ ఎటుపోయాయని
సిల్వెష్త్రు నా వైపు చూశాడు.
వరండాలో చెంచా కప్పుకు తగిలింది,
మళ్ళీ తగిలింది.
చెక్క దిగింది.
ఓంజ్. దోజ్.

ఆ రాత్రి ఆకుపసరు తీసుకుని వెళ్ళాను.
ఆమె చేతులు ముడుచుకోవడం లేదు.
"మిషనోళ్ళు నీకు లెక్కలు సరిగ్గా చెప్పలేదు" అంది.
చాలాసేపటికి,
"ఆ రెండూ దాచిపెట్టుకో,
ఎప్పుడైనా పనికొస్తాయి."

మరుసటేడు ఆ చెలకలో కర్రపెండలం
మనిషి తొడంత ఊరింది.
నేల పనికిరాదని కాయితం ఉంది కనక
చూడ్డానికి ఎవరూ రాలేదు.

తర్వాత తుపాకులొచ్చాయి, జెండాలొచ్చాయి,
వీధులకు వీరుల పేర్లొచ్చాయి.
కుండల సంగతి ఎవరూ అడగలేదు,
నేనూ చెప్పలేదు.
చెబితే, అప్పుడు నువ్వెటువైపున్నావని అడుగుతారు.
ఖాకీ చొక్కా వైపు.
పన్నెండులో పది దెబ్బల వైపు.

ఇప్పుడు మనవళ్ళకు అంకెలు నేర్పుతున్నాను.
ఏడు దగ్గర నా నాలుక ఆగుతుంది.
తాత మరిచిపోయాడనుకుని
"ఎనిమిది! తొమ్మిది!" అని వాళ్ళే అరుస్తారు.
దెబ్బ పడని అంకెలు
ఎంత తేలిగ్గా వస్తాయో నోటికి.